రాత్రి మాత్ర, పొద్దుటి మాత్ర

పదహారేళ్ళుగా ఆ ఇంట్లో కత్తెర అత్తగారి చేతిలోనే ఉంది. పెద్ద కోడలు మిషను తొక్కింది, కాలర్లు కుట్టింది, ఓవర్‌లాక్ పట్టింది, గుండీలకి కాజాలూ కుట్టింది. బల్ల మీద ఎనిమిది పొరలుగా పరిచిన గుడ్డని కత్తిరించే హక్కు మాత్రం ఆమెకి రాలేదు. ఆమె అడగనూ లేదు. అడిగి పుచ్చుకుంటే గొప్పేముంది, అడక్కుండా చేతికిస్తే కదా గొప్ప అని ఎదురుచూసింది. అలా ఎదురుచూస్తూ ఉండగానే ఆ సోమవారం పొద్దున్న, కుట్టిన చొక్కా చేతుల కట్ట చంకన పెట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి, కత్తెర చిన్న కోడలి చేతిలో ఉంది.

అత్తగారు వెనకనుంచి ఆ పిల్ల మణికట్టు పట్టుకుని నడిపిస్తోంది. చిన్న కోడలు నాలిక కొస పళ్ళమధ్య పెట్టుకుని, సుద్ద గీత వెంబడే కత్తెర పోనిస్తోంది. స్కూలు యూనిఫాం నీలం గుడ్డ కరకరమంటూ తెగుతోంది. మెడ వంపు దగ్గర మామూలుగా ఎవరైనా తడబడతారు. ఈ పిల్ల తడబడలేదు. అత్తగారు మణికట్టు వదిలేసి, చేతులు కట్టుకుని చూసి, గుమ్మంలో నిలబడ్డ పెద్ద కోడలితో ఎంతో మామూలుగా ఒక మాట అంది.

"చూశావుటే పెద్దమ్మాయ్, దీని చెయ్యి వణకట్లేదు."

నా చెయ్యి ఎప్పుడు వణికింది, నువ్వు ఎప్పుడు చూశావు అని నోటిదాకా వచ్చింది. పెద్ద కోడలు ఆ మాట మింగేసి, చేతుల కట్ట బల్ల కింద పెట్టి, బాగుందత్తయ్యా అంది. అని, మిషను దగ్గర కూర్చుంటే సూది దారం తెంపుతోంది, బాబిన్ చిక్కుపడుతోంది. మూడేళ్ళ కిందట వచ్చింది ఆ పిల్ల. వచ్చిన ఏడాదికి లెక్కలు రాయడం నేర్చింది, రెండో ఏడాదికి స్కూళ్ళకి వెళ్ళి కొలతలు తేవడం మొదలెట్టింది, ఇప్పుడు కత్తెర. రేపు అత్తగారి మంచం కూడా పైకి మోయించుకుంటుంది కాబోలు అనుకుంది.

నల్ల దారం అయిపోయింది. దారాల పెట్టె మేడ మీద, చిన్నవాళ్ళ వాటాలో ఉంటుంది. పిలిచి అడగడం ఇష్టం లేక తనే మెట్లెక్కింది. వంటింటి అరలో దారాల పెట్టె పక్కనే మాత్రల షీట్లు రెండున్నాయి. ఏ మాత్రలో చూడగానే తెలిసింది.

మూడు వారాల కిందట అత్తగారికి గుండె లయ తప్పి కొట్టుకుంటోందని, రక్తం గడ్డకట్టకుండా రోజుకి ఒక మాత్ర రాశారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది చిన్న కోడలు. మందు కొన్నదీ ఆ పిల్లే. అయితే ఆ ఇంట్లో జలుబు మాత్ర దగ్గర్నుంచి కాలినొప్పి నూనె దాకా కింద పెద్ద కోడలి రేకు డబ్బాలోనే ఉండాలి. అది ఎవరూ రాయని చట్టం. ఆమె మర్నాడే అత్తగారి సంచిలోంచి చీటీ తీసి, ఇంకో వీధిలో ఇంకో కొట్లో అవే మాత్రలు నెలకి సరిపడా కొని తెచ్చి, ఆ రాత్రి భోజనం కాగానే ఒకటి చేతిలో పెట్టింది. అత్తగారు మాత్రని చూసి, ఈమె మొహం చూసి, నోట్లో వేసుకుంది. పైన కొన్న మందు పైనే మూలుగుతోందని అప్పట్నుంచీ పెద్ద కోడలు లోలోపల పండగ చేసుకుంటోంది.

ఇప్పుడు షీట్లు తిప్పి చూస్తే ఇరవై రెండు గుంటలు ఖాళీ. కింద తన డబ్బాలో ఇరవై ఒకటి ఖాళీ అయ్యాయి. అంటే అత్తగారు రోజూ పొద్దున్న పైకొచ్చి తాగే టీతో ఇక్కడొకటి, రాత్రి భోజనమయ్యాక అక్కడొకటి మింగుతోంది. ఇక్కడ నిజం చెప్పాలి. పెద్ద కోడలికి ముందు భయం వెయ్యలేదు. నాకంటే ముందు, పొద్దున్నే, దీని చేతిమీదుగా తీసుకుంటోందన్నమాట అని ముందు కడుపు రగిలింది. రోజుకి ఒకటి మించకూడదని కొట్టువాడు రెండుసార్లు చెప్పిన సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చి దాన్ని పక్కకి నెట్టేసింది. ఈ ఇంటికి పెద్దదాన్ని నేను, ఆపితే అది ఆపాలి, నేనెందుకు ఆపాలి. దారం ఉండ తీసుకుని దిగి వచ్చింది.

ఆ రాత్రి మాత్ర అరచేతిలో పెట్టుకుని అత్తగారి ముందు నిలబడి, అడుగుదామా అనుకుంది. పొద్దున్న కూడా వేసుకుంటున్నావా అని ఒక్క మాట. అత్తగారు చెంబు అందుకుంటూ, చిన్నమ్మాయి చేతిలో మంచి ఒడుపుంది, ఏడాది తిరక్కుండా నన్ను మించిపోతుంది చూడు అంది. పెద్ద కోడలు అరచెయ్యి చాచింది. మంగళవారం అత్తగారు చేతులు కడుక్కుంటుంటే మోచేతి కింద రెండు చోట్ల నీలంగా కమిలి ఉంది. బల్ల అంచు తగిలిందిలే అంది ఆవిడ. బుధవారం పళ్ళు తోముకుని ఉమ్మితే నీళ్ళు ఎర్రగా పడ్డాయి. పెద్ద కోడలు చెంబుడు నీళ్ళు పోసి తొట్టి కడిగింది. ఆ రెండు రాత్రులూ మాత్ర ఇచ్చింది.

గురువారం పదకొండున్నరకి చిన్న కోడలు కుట్టిన బట్టలతో స్కూలుకి వెళ్ళింది. అత్తగారు బల్ల దగ్గర జేబుముక్కలు కోస్తోంది. తలనొప్పిగా ఉందే అంది. తర్వాతేదో అంది గానీ ఆ మాట మాటలా లేదు. పెద్ద కోడలు తలెత్తేసరికి ఆవిడ మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. కుడిచేతిలోంచి కత్తెర జారి నేలమీద పడింది, దాని వెంటే ఆవిడా ఒరిగిపోయింది. పెద్ద కోడలు మిషను తోసుకుంటూ లేచి తల నేలకి తగలకుండా పట్టుకుంది. ఆ క్షణంలో ఆమె మనసులో ఎవరిమీదా అసూయ లేదు, ఆవిడ బతికితే చాలు అంతే. ఎదురింటివాళ్ళ బండిలో వేసుకుని పన్నెండున్నరకల్లా పెద్దాసుపత్రికి చేర్చింది. బయల్దేరే హడావుడిలోనూ రేకు డబ్బా చంకన పెట్టుకోవడం మర్చిపోలేదు.

స్కానింగు అయ్యాక డాక్టరు బయటికి వచ్చింది. చిన్న వయసే, కళ్ళకింద నిద్రలేని నల్లచారలు. తలలో నరం చిట్లి రక్తం కారిందని, ఇప్పటికి ఉసిరికాయంత గడ్డ ఉందని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటే పేర్చి చెప్పింది.

"ఇప్పటిదాకా కారింది ఒక ఎత్తు, ఇక కారబోయేది ఒక ఎత్తు. మొదటి కొద్ది గంటల్లోనే గడ్డ పెరుగుతుంది. బీపీ ఎక్కువుంటే పెరుగుతుంది. వచ్చేటప్పటికే గడ్డ పెద్దదైతే ఇంకా పెరుగుతుంది. రక్తం పలచన చేసే మందు వాడుతుంటే అసలు ఆగనే ఆగదు. ఏం మందులు వాడుతున్నారు?"

పెద్ద కోడలు డబ్బా తెరిచి షీటు తీసి ఇచ్చింది. పక్కనున్న నర్సు, ఇలా తెచ్చేవాళ్ళుంటే మాకెంత సుళువు అని మెచ్చుకుంది. ఆఖరు మాత్ర ఎప్పుడు వేసుకున్నారని డాక్టరు అడిగింది. రాత్రి తొమ్మిదింటికి, నేనే ఇచ్చానని ఈమె చెప్పింది. డాక్టరు గోడగడియారం వంక చూసి వేళ్ళమీద లెక్కవేసుకుంది.

"ఈ మందు మామూలు రక్తపరీక్షలో సరిగ్గా తేలదమ్మా. ఎన్ని వేసుకున్నారో, ఎప్పుడు వేసుకున్నారో ఇంటివాళ్ళు చెప్పాల్సిందే. పొద్దున్నేమైనా వేసుకున్నారా? ఇంకెవరైనా ఇస్తారా?"

ఎనిమిదింటికి పైన టీ కప్పు పక్కన మాత్ర పెట్టి ఉంటుంది. పెద్ద కోడలికి కళ్ళకి కట్టినట్టు కనపడుతూనే ఉంది. అవునని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అవునంటే, మరి తెలిసీ మీరెందుకిచ్చారని అడుగుతుంది. అదొక్కటే కాదు. నర్సు ఎదుట, ఆ తెల్లటి వరండాలో, అత్తగారి ప్రాణం తన డబ్బాలో ఉన్న ఆ ఒక్క ఘడియలో, అందులో సగం మేడమీది దానికి పంచి ఇవ్వడానికి మనసు ఒప్పలేదు.

"ఇంట్లో మందులన్నీ నేనే ఇస్తానండి. ఇంకెవరూ ఇవ్వరు."

అయితే పదిహేను గంటల పైన అయింది, మందు ప్రభావం చాలావరకు దిగిపోయి ఉంటుందని డాక్టరు అంది. దానికి విరుగుడు ఇంజెక్షను ఉందట. కానీ అదిస్తే ఇంకోచోట రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉందట. గుండె లయ బాగోలేని మనిషి కనక తొందరపడకుండా ముందు బీపీ దించుతామని, మూడు గంటలు ఆగి మళ్ళీ స్కాన్ తీస్తామని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. పెద్ద కోడలు బెంచీమీద కూర్చుని డబ్బా మూత సరిగ్గా పెట్టింది. దిగిపోయి ఉంటుందని డాక్టరే అంది కదా అని తనకి తానే చెప్పుకుంది.

అత్తగారి కొడుకులిద్దరూ వచ్చారు. స్కూలునుంచి ఊరికి ఆ చివర ఇంకో స్కూలుకి వెళ్ళిన చిన్న కోడలు కబురంది వచ్చేసరికి నాలుగు కావస్తోంది. చెప్పులనిండా దుమ్ము, భుజాన కొలతల టేపు వేలాడుతూనే ఉంది. అప్పుడే డాక్టరు రెండో స్కాన్ చూసి వచ్చింది. గడ్డ రెట్టింపైంది. మీరు చెప్పినదాన్నిబట్టి ఇంత పెరగకూడదు, ఎవరైనా పొద్దున్న ఇంకో మాత్ర ఇచ్చారా అని అందర్నీ కలిపి అడిగింది.

"నేనిచ్చానండి" అంది చిన్న కోడలు. "ఎనిమిదింటికి. రోజూ నేనే ఇస్తాను."

డాక్టరు లోపలికి పరుగెత్తింది. విరుగుడు ఇంజెక్షను తెమ్మని ఎవరికో చెప్పడం తలుపులోంచి వినపడింది. వరండాలో అందరూ చిన్న కోడలి వంకే చూశారు. పెద్ద కోడలి వంక ఒక్కరూ చూడలేదు.

పెద్దవాడు నోరున్న మనిషి. నిన్నెవరిమ్మన్నారు, మీ అక్క ఇస్తూనే ఉందిగా, మా అమ్మని చంపడానికి వచ్చావా అని నిలబెట్టి కడిగేశాడు. చిన్నవాడు పెళ్ళాం తరఫున ఒక్క ముక్క మాట్లాడకపోగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చిన్న కోడలు తలెత్తలేదు, ఏడవలేదు, టేపుని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. ఒక్కసారైనా పెద్ద కోడలి మొహంలోకి చూస్తుందేమో, చూస్తే ఏం చెయ్యాలో అని పెద్ద కోడలు కనిపెట్టుకుని ఉంది. ఆ పిల్ల చూడలేదు. లోపలికి ఒక్కరినే పంపుతామన్నారు. పెద్ద కోడలు వెళ్ళాలని పెద్దవాడు తేల్చేశాడు. చిన్న కోడల్ని ఆ తలుపు దరిదాపుల్లోకి రావద్దన్నాడు.

శుక్రవారమంతా పెద్ద కోడలిదే రాజ్యం. నర్సులు ఆమెనే పిలుస్తున్నారు, కాగితాలమీద ఆమె చేతే సంతకాలు పెట్టిస్తున్నారు. పాపం వదినే అన్నీ చూసుకుంటోందని మరిది టీ తెచ్చిచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి. చిన్న కోడలు కింద అంతస్తులో మందుల కౌంటరు పక్క బెంచీమీద కూర్చుని ఉందని, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని కూడా అతనే చెప్పాడు. ఆ మాట వినగానే పెద్ద కోడలికి ఒక పక్క హాయిగా అనిపించింది. ఆ హాయి గొంతు దిగలేదు. టీ సగంలో వదిలేసింది.

సాయంత్రం అత్తగారు కళ్ళు తెరిచింది. కుడిచెయ్యి, కుడికాలు ఉలుకూ పలుకూ లేవు. నోట మాట లేదు. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం దుప్పటి అంచుని పట్టుకుని, జరిపి, పట్టుకుని, గుడ్డ వాటం చూస్తున్నట్టు కదులుతున్నాయి. అత్తయ్యా, నేను, పెద్దమ్మాయిని అంటూ మీదికి వంగింది. ఆవిడ కళ్ళు ఈమె మొహంమీద కొంచెంసేపు ఆగాయి. ఆగి, భుజం మీదుగా తలుపు దగ్గరికి వెళ్ళి, అక్కడే ఉండిపోయాయి.

దానికోసం చూస్తోంది. ఇంత జరిగాక కూడా దానికోసమే. నిన్న పట్టుకుంది నేను, మోసుకొచ్చింది నేను, రాత్రంతా కుర్చీలో కూర్చుంది నేను అని అరవాలనిపించింది. అంతలోనే, అబద్ధం చెప్పిందీ నేనే అని ఇంకో గొంతు లోపలే అంది. ఆ గొంతు ఆమెదే.

శనివారం పొద్దున్న డాక్టరు గడ్డ పెరగడం ఆగిందని చెప్పింది. ప్రాణానికి గండం గడిచినట్టే. మాటా, చెయ్యీ మాత్రం ఎంత తిరిగొస్తాయో చెప్పలేమంది. విరుగుడు మొదటి గంటలోనే పడి ఉంటే ఏమయ్యేదని పెద్దవాడు అడిగాడు. ఖాయంగా చెప్పలేను గానీ ఇంత పెరిగేది కాదేమో, ఆ మూడు గంటలు పోయాయి అంది. పెద్దవాడు పళ్ళు కొరికాడు. డాక్టరు వెళ్ళాక భార్యని పక్కకి పిలిచి, తమ్ముడితో మాట్లాడేశానని, ఈ నెలాఖరుకి వాళ్ళు వేరే ఇల్లు చూసుకుంటారని, అమ్మ తర్వాత కుట్టుపనంతా నీదేనని చెప్పాడు. కిందికి వెళ్ళి దాన్ని ఇంటికి పొమ్మని చెప్పు, నేను చెబితే నోరు జారుతుంది అన్నాడు.

మేడ ఖాళీ. బల్ల, కత్తెర, స్కూళ్ళు, డబ్బా, అన్నీ తనవే. పదహారేళ్ళుగా కోరుకున్నదంతా ఒక్క పొద్దుట్లో చేతికొచ్చింది. పెద్ద కోడలు మెట్లు దిగుతుంటే ఒక్కొక్క మెట్టూ బరువుగా ఉంది.

చిన్న కోడలు బెంచీమీద కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది. సోమవారానికి ఇవ్వాల్సిన వంద చొక్కాలు, సంచీ నిండా తెచ్చుకుంది. పెద్ద కోడలు పక్కన కూర్చుంది. ఇంటికి పొమ్మని చెప్పడానికి మాటలు కూర్చుకుంది. చేతులు ఊరుకోక సంచిలోంచి ఒక చొక్కా, సూదీ తీసుకుంది. ఇద్దరూ రెండు మూడు గుండీలు కుట్టారు. పక్కన కౌంటరులో ఎవరో చిల్లర కోసం గొడవపడుతున్నారు.

"నువ్విస్తున్నావని నాకు తెలుసు" అంది పెద్ద కోడలు. సూదిమీంచి కళ్ళెత్తలేదు. "సోమవారం నుంచి తెలుసు. పైన షీట్లు చూశాను. డాక్టరు అడిగితే ఇంకెవరూ ఇవ్వరని చెప్పాను. ఆ మూడు గంటలు నా మూలాన్నే పోయాయి."

చిన్న కోడలు దారం పంటితో కొరికింది. గుండీని లాగి గట్టిగా ఉందో లేదో చూసింది.

"మీరిస్తున్నారని నాకూ తెలుసక్కా."

పెద్ద కోడలు సూది చొక్కాకి గుచ్చి ఆ పిల్లవైపు తిరిగింది.

"మొదటి వారంలోనే తెలిసింది. నొప్పి నూనె కోసం మీ డబ్బా తీశాను. అత్తయ్యని అడిగాను. పెద్దది నొచ్చుకుంటుందే, నువ్వూ ఇవ్వు, మందేగా, రెండైతే తొందరగా నయమవుతుందిలే అంది. నేను వాదించాల్సింది. మానెయ్యాల్సింది." ఆ పిల్ల ఇంకో గుండీ తీసి, కుట్టకుండా అలాగే పట్టుకుంది. "మానేస్తే మీరు గెలిచినట్టు అవుతుందనుకున్నాను."

"నీకేం తక్కువ? కత్తెరే నీ చేతిలో పెట్టింది."

"కత్తెర పెట్టింది. మధ్యాహ్నం మా గదిలో పడుకుంటుంది కదా, నిద్రలో కలవరిస్తే పెద్దమ్మాయ్ అనే పిలుస్తుంది. మంచినీళ్ళు నేనిచ్చినా, పెద్దమ్మాయ్ ఇంకొంచెం పొయ్యి అంటుంది. మూడేళ్ళుగా వింటున్నాను."

ఇన్నాళ్ళూ ఆ మాట వినడానికి చెవి కోసుకునేదాన్నే అనుకుంది పెద్ద కోడలు. విన్నాక ఏం చేసుకోవాలో తెలియలేదు. కిందా మీదా ఇద్దరూ ఒకే ముసలామెకి చెరో పక్కనుంచి ప్రేమ పేరుతో పోటీగా మాత్రలు అందించారు. ఆవిడ ఎవర్నీ నొప్పించలేక రెండూ మింగింది. చివరికి తప్పులో కూడా ఈ పిల్ల సగం వాటాకి వచ్చిందని ఒక పాడు ఆలోచన వచ్చి, పెద్ద కోడలికి తనమీద తనకే అసహ్యమేసింది. వెంటనే ఇంకోటి తట్టింది. తనకి తెలిసింది నాలుగు రోజులు. ఈ పిల్లకి తెలిసింది దాదాపు మూడు వారాలు. ఈ ఒక్క ముక్క పైకి వెళ్ళి చెబితే చాలు, తనని ఇక ఎవరూ వేలెత్తి చూపరు. వారం కిందటైతే రెండేసి మెట్లు ఎక్కేది.

చొక్కా మడిచి సంచిలో పెట్టి లేచింది. పద అంది. ఎక్కడికని ఆ పిల్ల అడిగింది. పైకి, నీకోసం చూస్తోంది అంది. ఆ మాట అనడం ఆమెకి సుళువుగా ఏమీ లేదు.

తలుపు దగ్గర పెద్దవాడు, చిన్నవాడు కూర్చున్నారు. మరదల్ని చూడగానే పెద్దవాడు లేచి అడ్డం నిలబడి, ఏం చెప్పి పంపాను, ఏం తీసుకొచ్చావని భార్యని అడిగాడు. పెద్ద కోడలు చిన్న కోడలి చెయ్యి పట్టుకునే ఉంది.

"ఇద్దరం ఇచ్చాం" అంది. "ఒకళ్ళు ఇస్తున్నట్టు ఒకళ్ళకి తెలిసే ఇచ్చాం. గురువారం డాక్టరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను. దీన్ని ఇంట్లోంచి పంపితే నన్నూ పంపండి."

ఎవరికి ఎన్నాళ్ళ నుంచి తెలుసో ఆమె చెప్పలేదు. చిన్న కోడలు ఆ సంగతి గమనించి, పట్టుకున్న చేతిని ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. పెద్దవాడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. కోపం ఎవరిమీద చూపించాలో అతనికి దిక్కుతోచలేదు. చివరికి, ఏ కోపమూ లేని గొంతుతో, అర్థంకాక అడిగాడు.

"తెలిసి కూడా ఎందుకిచ్చారే?"

జవాబు ఇద్దరికీ తెలుసు. పైకి చెప్పుకోగలిగింది మాత్రం కాదు.